నీళ్లలో మిగిలిన ముక్క

లచ్చమ్మ ఫోను ఈ రెండేళ్లలో ఒక్కసారే మోగింది. మొన్న శుక్రవారం, సాయంత్రం ఐదూ ఇరవైకి.

పరుశురాం ఆ ఫోనుకు రోజూ చార్జింగ్ పెడతాడు. గడువు దాటకుండా రీచార్జి చేయిస్తాడు. ఎందుకని అడిగే మనిషి మెట్టుగూడలోని ఆ ఒంటిగదిలో లేదు. గూట్లో ఆమె దువ్వెన, దాని పక్కన ఆ ఫోను. మోగినప్పుడు అతను పొయ్యి మీది చాయ్‌ను మరిచిపోయి గూటివైపు చూస్తూ నిలబడ్డాడు. ఆరో రింగుకు గాని చెయ్యి కదల్లేదు.

"లచ్చమ్మ గారి ఇంటోళ్లేనా సార్? నేను నవత. యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తున్న. ఆమె ఎట్లున్నరు సార్?"

"పోయింది. రెండేండ్లాయె."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినబడింది.

"ఆపరేషన్ అయినంక ఎన్ని నెల్లకు సార్?"

"ఏడు."

"సోమవారం పొద్దుగాల మా డిపార్ట్‌మెంటుకు వస్తరా? ఆమె రిపోర్టు పట్టుకొని రాండ్రి. ఫోన్ల చెప్పేటిది కాదు సార్."

శనివారం సాయంత్రం నాలుగూ పదికి నవత ఆ డిపార్ట్‌మెంటు డాబా మీదినుంచి పడి చనిపోయింది. సోమవారం రిపోర్టు పట్టుకుని వెళ్లిన పరుశురాంకు మెట్ల మీద కూర్చున్న ఆమె తండ్రి లక్ష్మయ్య కనబడ్డాడు. పోలీసులు ఆత్మహత్య అని రాసుకున్నారు. పరుశురాం పోలీసు కొలువు వదిలేసి ప్రైవేటుగా ఆరాలు తీసే మనిషని తెలిశాక లక్ష్మయ్య ఒక్కటే అడిగాడు. "నా బిడ్డ దుంకలె సారు. గా మాట ఎవలన్న కాయితం మీద రాసియ్యాలె."

పరుశురాం తల ఊపాడు. అతని సంగతి తెలిసినవాళ్లకు ఆ తల ఊపడమే ఒప్పందం.

*

మంగళవారం ఉదయం పదింటికి ప్రొఫెసర్ కరుణాకర్ గదిలో కూర్చున్నాడు. నవతకు గైడు ఆయనే. లక్ష్మయ్య తరఫున వచ్చానని చెప్పాడు గాని లచ్చమ్మ మాట ఎత్తలేదు.

"పదిహేను నిమిషాలు ఇవ్వగలను. పోలీసులకు అంతా చెప్పేశాను," అన్నాడు కరుణాకర్. యాభై ఆరేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, మూడు రోజుల గడ్డం.

"నాది ఊరి బడి చదువు సార్. జర నిదానంగ చెప్పుండ్రి. ఆ పిల్ల చేసే పనేంది?"

పాఠం చెప్పడం అలవాటైన గొంతు దానంతట అదే మొదలైంది. "ఊపిరితిత్తుల క్యాన్సర్ అందరిలో ఒకేలా పెరగదు. కొందరిలో ఏళ్లు పడుతుంది, కొందరిలో నెలలే. రెండుగా చీలబోయే కణంలో ఒక ప్రోటీన్ పుడుతుంది. దాన్ని పట్టుకునే మందు ఒకటి వేస్తాం. ప్రోటీన్ ఉన్న కణం గోధుమరంగుకు తిరుగుతుంది. నూటికి ఎన్ని కణాలు ఆ రంగులో ఉన్నాయో లెక్కపెడితే గడ్డ ఎంత దూకుడు మీద ఉందో చెప్పొచ్చు."

"తక్కువుంటే?"

"నెమ్మది రకం. ఆపరేషన్ చాలు, కీమో అక్కర్లేదని ఆసుపత్రికి రిపోర్టు ఇస్తాం. ఎక్కువుంటే వెంటనే కీమో."

పరుశురాం చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఉంది. దాని మీద ఆరు శాతం అని ఉంది. ఆ అంకె చూసి ఆసుపత్రి డాక్టరు నవ్వాడు. లచ్చమ్మ కూడా నవ్వి, ఇంటికి పోయినంక సర్వపిండి చేసుకుందామంది. జన్మలో పొగ తాగని మనిషి. పెళ్లికి ముందు దుబ్బాకలో, పెళ్లయ్యాక అత్తగారింట్లో, ఇరవై ఏళ్లు బీడీలు చుట్టింది. ఆ ఆకు దుమ్మే లోపల పేరుకుందేమో ఎవరూ చెప్పలేదు.

"నవత చేసిన తప్పేంది సార్?"

"రోగి గడ్డలోంచి తీసిన ముక్కను మైనంలో పొదిగి దిమ్మలా దాస్తాం. బ్లాక్ అంటాం. ఒక్కో రోగికి ఒక్కటే ఉంటుంది. ముప్పై ఒకటో బ్లాక్ మీద నవత తప్పుడు లెక్కలు రాసింది. నేను పట్టుకున్నాను. శుక్రవారం ఆ బ్లాక్ తీసుకుంది. శనివారం కరిగించి పారేసింది. మూడూ యాభై రెండుకు నాకు మెయిల్ వచ్చింది. ముప్పై ఒకటిని నాశనం చేశాను, క్షమించండి అని. పద్దెనిమిది నిమిషాల తర్వాత..." కరుణాకర్ కిటికీవైపు తిరిగాడు. "మంచి పిల్ల. తొందరెక్కువ."

"అప్పుడు మీరేడ ఉన్నరు?"

"ఈ గదిలోనే. చప్పుడు విని పరిగెత్తాను."

"ఆదివారం?"

"తార్నాకలో. మా ఇంట్లో, రోజంతా. ఆదివారంతో పనేంటి?"

"ఊకెనే." పరుశురాం లేచి, బల్ల మీదున్న పాత ఫోటో దగ్గర ఆగాడు. అందులో పడుచు కరుణాకర్ ఒక ఇనుప మిషను ముందు నవ్వుతున్నాడు. "ఇది బ్లాకులు కోసే మిషనా సార్? మీకు కోసుడు వస్తదా?"

ఆ రోజు మొదటిసారిగా ఆయన మొహంలో వెలుగు వచ్చింది. "నా అంత పలచగా కోసినవాడు ఈ డిపార్ట్‌మెంటులో లేడు. ఇప్పటికీ లేడు."

"కోసినంక గిన్నెలు, నీళ్లు ఎవలు కడుగుతరు?"

"అదేం ప్రశ్నండీ? దానికి టెక్నీషియన్లు ఉంటారు కదా."

"అంతే అంతే," అని పరుశురాం చెప్పులు వేసుకున్నాడు.

*

కోత గది కింది అంతస్తులో ఉంది. తాళం తీసి కూర్చున్న సుబ్బలక్ష్మి సీనియర్ టెక్నీషియన్. ఈ గదిలో ముప్పై నాలుగేళ్లు గడిపింది, నాలుగు నెలల్లో రిటైర్ అవుతుంది. నవతకు పని నేర్పింది ఆమే.

పరుశురాం ఏమీ అడగలేదు. గది మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. ఫోటోలోని మిషనే, రంగు వెలిసింది. దాని పక్కన ఖాళీ జాగా, ఆ జాగాలో మడతపెట్టిన తెల్లగుడ్డ, గుడ్డ మీద బోర్లించిన వెడల్పాటి గుండ్రని తొట్టె. సుబ్బలక్ష్మి మిషను చూపించింది, అల్మరా చూపించింది, రిజిస్టరు చూపించింది. తొట్టెవైపు మాత్రం చూడలేదు. దాని పక్కనుంచి నడిచినప్పుడు కొంగు దగ్గరకు లాక్కుంది.

"అమ్మా, గా తొట్టెతోని మీకేమన్న లొల్లి అయిందా?"

ఆమె ఉలిక్కిపడింది. ఆ తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. "మీరు పోలీసుల్లా అడగరేవిటండీ. వాళ్లయితే గద్దించి పోయారు, బతికిపోయాను."

"నేను గద్దించ."

"అదే భయంగా ఉంది." కళ్లు తుడుచుకుంది. "బ్లాకును మిషన్లో పెట్టి తిప్పితే వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పొరలు వస్తాయి. వాటిని ఈ తొట్టెలో గోరువెచ్చటి నీళ్ల మీద వదుల్తాం. ముడతలు పోయి తేలతాయి. కింద నుంచి గాజు స్లైడు పెట్టి ఎత్తుకుంటాం. ఒక బ్లాకు అయ్యాక నీళ్లు మార్చాలి. మార్చకపోతే ముందు బ్లాకు తాలూకు పొర ఏదో మిగిలిపోయి తర్వాతి స్లైడుకు అంటుకుంటుంది. ఒకరి ముక్క ఇంకొకరి స్లైడు మీదకు వచ్చిందంటే రిపోర్టే తారుమారు. ముప్పై నాలుగేళ్లలో నా చేతి మీద అలా ఒక్కటి జరగలేదండీ. నిన్న జరిగింది."

"నిన్న ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకు కానిస్టేబుల్ తాళం తెచ్చిచ్చాడు. శనివారం సాయంత్రం నుంచి వాళ్ల దగ్గరే ఉంది. తొమ్మిదింటికి మిషను దగ్గర కూర్చున్నా. రేపు ఎమ్మెస్సీ పిల్లలకు ప్రాక్టికల్స్. ఎలక కాలేయం, పన్నెండు స్లైడ్లు. చూస్తే తొట్టెలో నీళ్లున్నాయి. వెచ్చగా, స్విచ్చి వేసే ఉంది. శనివారం నేనే మర్చిపోయానేమో, వయసైపోయింది కదా అని నన్ను నేను తిట్టుకున్నా. నవతమ్మ పోయిన దుఃఖంలో ఉన్నానేమో, ఆ నీళ్లలోనే కోసేశాను."

"శనివారం బోర్లించిన యాది లేదా?"

"పన్నెండున్నరకు బోర్లించినట్టే గుర్తండీ."

"కింద గుడ్డ ఉన్నదా?"

ఆమె ఆగింది. పెదాలు కదిలాయి. "శనివారం పాత గుడ్డ ఉతకడానికి ఇంటికి తీసుకెళ్తాను. కొత్త గుడ్డ పరిచి, దాని మీద బోర్లించి... పరిచానండీ! ఇదే గుడ్డ. నిన్న వచ్చేసరికి మడిచి కిటికీలో పడేసుంది. అయ్యో, అది నాకు తట్టనే లేదు. నేను మర్చిపోలేదు!"

"మరిసిపోలే," అన్నాడు పరుశురాం.

ఆ ఒక్కమాటకు ఆమె భుజాలు కిందికి దిగాయి. సొరుగు తీసి రెండు స్లైడ్లు బయట పెట్టింది. పన్నెండింటిలో మొదటి రెండింటి మీద పరాయి ముక్కలు పడ్డాయట. ఎవరూ చూడకుండా పారేద్దామని విడిగా దాచింది. ఒకటి రంగులు వేసింది, రెండోది వేయనిది. రంగు వేసినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి పక్కకు జరిగింది.

పరుశురాం కన్ను ఆనించాడు. గులాబీ రంగు మైదానం కనబడింది. దాని అంచున, తెగిపోయి కొట్టుకొచ్చినట్టు, ఒక చిన్న ముదురు తునక. అందులో నల్లటి చుక్కలు.

"ఎలకదేనా?"

"ఎలకకు ఊపిరితిత్తుల్లో మసి ఎక్కడిదండీ? అది మనిషిది. ఊపిరితిత్తి గడ్డ. నెమ్మదిదా, దూకుడుదా అనేది ఈ రంగుల్లో నేను చెప్పలేను. దానికి ఆ ప్రోటీన్ రంగే వేయాలి."

"ఏ బ్లాకుది?"

ఆమె రిజిస్టరు తిప్పింది. రెండు నెలల్లో అల్మరా దాటిన ఊపిరితిత్తి బ్లాకు ఒక్కటే. ముప్పై ఒకటి. శుక్రవారం, నాలుగున్నర. బ్లాకుతో పాటు రోగి ఫైలు కూడా. పక్కన నవత సంతకం.

పరుశురాం మళ్లీ మైక్రోస్కోపులోకి చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. లచ్చమ్మను బూడిద చేసి రెండేళ్లయింది. గూట్లో దువ్వెన, గోడకు ఫోటో తప్ప ఆమెది ఏమీ మిగల్లేదనుకున్నాడు. ఇంత మిగిలింది. పలకరిద్దామంటే నోరు లేనిది, పట్టుకుందామంటే మందం లేనిది.

"ముప్పై ఒకటి నా భార్యదమ్మా. ఆమె రిపోర్టు మీద గదే నంబరు," అన్నాడు తల ఎత్తకుండానే.

సుబ్బలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ఏదో అనబోయేలోపు కారిడార్లో బూట్ల చప్పుడు వినబడింది. పరుశురాం కళ్లద్దాలు తీసి, తుడిచి, డబ్బాలో పెట్టుకున్నాడు.

*

"ఏం పరుశన్నా, బడికొస్తున్నవా ఈ వయసుల?"

ఇన్‌స్పెక్టర్ భూపాల్ గుమ్మం నిండా నిలబడ్డాడు. మల్కాజ్‌గిరిలో ఇద్దరూ పదేళ్లు కలిసి పనిచేశారు. పరుశురాం తవ్విన కేసులను భూపాల్ తనవిగా చెప్పుకునేవాడు. పరుశురాం పట్టించుకునేవాడు కాదు. భార్యను చూసుకోవడానికి అతను కొలువు మానేసిన నెలలోనే భూపాల్‌కు ప్రమోషన్ వచ్చింది.

"బిడ్డ తండ్రి రమ్మన్నడు."

"ముసలాయనకు ఎక్కడ లేని ఆశ పెడుతున్నవన్నా. కేసు ఖతం. మెయిల్ ఉన్నది, టైం ఉన్నది." మైక్రోస్కోపు చూశాడు. "ఇదేంది?"

సుబ్బలక్ష్మి తడబడుతూ తొట్టె సంగతి, పరాయి ముక్క సంగతి చెప్పింది. ముక్క మొదటి స్లైడుకు అంటిందని చెప్పి ఆగిపోయింది. రెండో దాని మాట గొంతులోనే ఉండిపోయింది. భూపాల్ నవ్వాడు.

"నీళ్లల్ల తేలిన చెత్త పట్టుకొని మర్డర్ అంటున్నవా?"

"నేను అనలె. నువ్వే అన్నవు."

నవ్వు ఆగింది. "చూడన్నా. శనివారం ఆరింటికి ఈ గదికి నా చేతులతోని తాళమేసిన. సోమవారం ఎనిమిదిన్నరకు నేనే పంపిన. నడుమ ఈగ సుత దూరలె. ఎవలన్న నీళ్లు ముట్టుకున్నరంటే శనివారం పగటిపూట ఆ పిల్లే ముట్టుకున్నది. బ్లాకు పాడుచేసేటందుకు. అయిపాయె."

"ఆ పిల్ల దగ్గర ఫైలు ఒకటి ఉండాలె. ముప్పై ఒకటిది."

"దొరకలె. పంచనామాల రాసిన, సదువుకో." భూపాల్ స్లైడును చేతిరుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. "ఇది సాక్ష్యమైతే నా దగ్గర ఉండాలె, చెత్తయితే చెత్తబుట్టల ఉండాలె. నీ దగ్గరెందుకు?" సుబ్బలక్ష్మివైపు తిరిగాడు. "మేడం, నాలుగు నెల్లల్ల రిటైర్ అయితున్నరంట. మంచిగ సన్మానం చేయించుకోండ్రి. స్టేషన్ చుట్టు తిరిగే వయసు గాదు."

"భూపాల్."

"ఏందన్నా?"

"గడ్డం గీస్కోమను మీ ప్రొఫెసర్ సార్‌ను. ఇంటికి పోతున్నట్టు లేడు."

భూపాల్ అతనివైపు క్షణం సేపు చూశాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. బూట్ల చప్పుడు బయటి గేటువైపు కాకుండా మెట్లెక్కి పైకి వెళ్లింది. పరుశురాం ఆ మెట్లు లెక్కపెట్టాడు. చప్పుడు ప్రొఫెసర్ గది దగ్గర ఆగింది.

*

మధ్యాహ్నం ఒంటిగంటకు తార్నాకలో సుబ్బలక్ష్మి ఇంటి తాళం ఆమే తీసింది. లోపల ఇంకెవరూ లేరు. ఉన్న ఒక్క కుర్చీ మీది పేపర్లు తీసి అతన్ని కూర్చోమంది. వద్దంటున్నా పప్పు, దొండకాయ వేపుడు, మజ్జిగ పెట్టింది. ఒకరు వడ్డిస్తే తినడం పరుశురాంకు అలవాటు తప్పింది. రెండోసారి అన్నం వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"రెండో స్లైడు పోయిందండీ," అందామె గొంతు తగ్గించి. "ఆయన వెళ్లాక బల్లంతా వెతికాను. నవతమ్మకు నేను చేయగలిగింది అదొక్కటే. అదీ పోగొట్టాను."

పరుశురాం చెయ్యి కడుక్కుని వచ్చి కళ్లద్దాల డబ్బా తెరిచాడు. అద్దాల కింద, మడతపెట్టిన బట్ట మీద స్లైడు ఉంది.

ఆమె ఏడవబోయి నవ్వింది. "మీరు మామూలు మనిషి కాదండీ బాబూ."

"తొట్టెల నీళ్లు ఎంత ఉండె?"

"ఎప్పుడు?"

"నిన్న పొద్దుగాల. మీరు చూసినప్పుడు."

"దాదాపు నిండుగానే ఉన్నాయి. ఇదిగో, గోరున్నరంత తగ్గి ఉంటాయి."

"నిండ పోసి, స్విచ్చి ఏసి, పొద్దుందాక పెడితే ఎంత తగ్గుతయి?"

"రోజూ చూసేదే కదా. తొమ్మిదింటికి పోస్తే ఐదింటికి గోరంత."

పరుశురాం వేళ్ల మీద లెక్కపెట్టలేదు. పన్నెండేళ్లప్పుడు మడికట్టు మీద కూర్చుని, నీళ్లు ఎంత దిగాయో చూసి, పక్కవాడు ఎన్ని గంటల కింద నీళ్లొచ్చే మడవ మూశాడో చెప్పినవాడికి వేళ్లు అక్కర్లేదు. "ఎనిమిది గంటలకు గోరు. గోరున్నరకు పన్నెండు గంటలు, పోనీ పదునాలుగు. సోమవారం తొమ్మిది నుంచి ఎనకకు పోతే?"

సుబ్బలక్ష్మి పెదాలతో లెక్కపెట్టింది. మొహం పాలిపోయింది. "ఆదివారం రాత్రి ఏడూ, తొమ్మిదీ..."

"శనివారం పగలు పోసినయైతే సగం తొట్టె ఎండాలె. ఆ నీళ్లు నవత పొయ్యలే. ఆమె సచ్చిపోయి ఒక దినం దాటినంక ఎవలో పోసిన్రు. ముప్పై ఒకటో బ్లాకును శనివారం ఎవలు కరిగియ్యలే, ఆ మెయిల్ అబద్ధం. ఆదివారం రాత్రి అది బతికే ఉన్నది. ఎవలో కోసిన్రు."

"కానీ తాళం ఇన్‌స్పెక్టర్ దగ్గర..."

"నడుమ ఈగ దూరలేదని ఆయనే చెప్పె."

సుబ్బలక్ష్మి గిన్నెల మీద మూతలు పెట్టింది. "నవతమ్మ అయితే చస్తే అలా వదలదు. నీళ్లు పారబోసి, తుడిచి, బోర్లించి గాని కదలదు. నేనే నేర్పాను."

"ఆ గదిల పనిచేసినోళ్లు ఎవలైనా కడుగుతరు. జీవితంల ఒక్కసారి కడగనోడే ఇడిసిపెట్టి పోతడు."

ఇద్దరిలో ఎవరూ ప్రొఫెసర్ పేరు ఎత్తలేదు.

"కానీ ఎందుకు కోస్తారండీ? పారేస్తే సరిపోయేది కదా."

"పారేసే ముందుగాల సూడాలె అనిపించింది. ఆ పిల్ల చెప్పింది నిజమా కాదా అని. సదువుకున్నోడు కదా, సూడకుంట ఉండలేకపోయిండు." పరుశురాం ఆమె కళ్లలోకి చూశాడు. "ఆ పిల్ల ఏం చెప్పిందమ్మా? మీకు తెలుసు."

సుబ్బలక్ష్మి మజ్జిగ గ్లాసును బల్ల మీద అటూ ఇటూ జరిపింది. "మూడేళ్ల కిందట వేసవి సెలవుల్లో ఫ్రిజ్ చెడిపోయింది. నాలుగు రోజులు ఎవరూ చూడలేదు. అందులోనే ప్రోటీన్‌ను పట్టుకునే మందు సీసా ఉంది. ఎండకు దాని బలం పోయింది. ఏ గడ్డకు వేసినా పాలిపోయినట్టే ఉండేది. పారేయమని చెప్పానండీ. కొత్తది రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. ఆసుపత్రి వాళ్లు రిపోర్టులకు తొందర చేస్తున్నారు. స్టడీ ఆగితే సారుకు నామోషీ. వాడమన్నారు. మంచి స్లైడొకటి పక్కన పెట్టి మందు పనిచేస్తోందో లేదో సరిచూస్తాం ఎప్పుడూ. అదీ వద్దన్నారు. ఆ రెండు నెలల్లో పంతొమ్మిది మందికి నెమ్మది రకం అని రాశారు. ఒక్కరికి కూడా దూకుడు అని రాలేదు. నవతమ్మకు అదే అనుమానం వచ్చింది."

"పంతొమ్మిది మంది."

"పదకొండు మంది పోయారు. ఎనిమిది మంది ఉన్నారు. తమకు బాగైపోయిందనుకుంటున్నారు. వాళ్ల బ్లాకులు తీసి కొత్త మందుతో చూస్తే ఎవరికి వైద్యం కావాలో తెలుస్తుంది. ముప్పై ఒకటితో మొదలుపెడతానంది. ఇంటివాళ్లు వచ్చాక, వాళ్ల ఎదుటే కోస్తానంది. అందుకే శనివారం కొయ్యలేదు." ఆమె తల వంచుకుంది. "నేను అప్పుడే అరిచి ఉంటే మీ ఆవిడ..."

పరుశురాం ఆ మాట పూర్తి కానివ్వలేదు. "ఈ స్లైడుతోని ఏం చెయ్యొచ్చు?"

"రెండు పనులు. కానీ ఒక్కటే కుదురుతుంది." గొంతు సవరించుకుంది. "ఆ ప్రోటీన్ రంగు వేస్తే మీ ఆవిడ గడ్డ ఏ రకమో సాయంత్రానికి తెలిసిపోతుంది. కీమో ఇచ్చి ఉంటే బతికే అవకాశం ఉండేదో లేదో. కానీ దానికి స్లైడును ఉడకబెట్టాలి. ఇంత చిన్న ముక్క. ఆ తర్వాత డీఎన్ఏ దొరుకుతుందన్న నమ్మకం లేదు. లేదంటే రంగు వేయకుండా డీఎన్ఏకు ఇవ్వాలి. నా దగ్గర పని నేర్చుకున్న కౌముది అని ఒక అమ్మాయి అలాంటి ల్యాబ్‌లోనే ఉంది. ఇది ముప్పై ఒకటో బ్లాకేనని ఆ అమ్మాయి తేల్చగలదు. మీ ఆవిడవి వేర్లతో ఊడిన వెంట్రుకలు ఏవైనా ఉంటే..."

"దువ్వెన ఉన్నది."

"డీఎన్ఏకు ఇస్తే ముక్క మొత్తం కరిగిపోతుందండీ. ఆ గడ్డ సంగతి మీకు ఇక ఎప్పటికీ తెలియదు."

పరుశురాం జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి స్లైడు పక్కన పెట్టాడు. ఏడు నెలల్లో ఆఖరి నెల లచ్చమ్మ పడుకోలేకపోయేది. గోడకు ఆనుకుని కూర్చుని, "డాక్టర్ నిమ్మలమైన రకం అన్నడు గదా, మరేందయ్యా ఇది?" అని అడిగేది. రెండేళ్లుగా ఆ ప్రశ్న ఆ గదిలోనే ఉంది. అతనితో పాటు తిని, అతనితో పాటు పడుకుంటోంది. జవాబు ఇప్పుడు బొటనవేలంత గాజు మీద ఉంది.

ఫోను మోగింది.

తనది కాదు. శుక్రవారం నుంచి సంచిలో వెంట తిప్పుతున్నది. లచ్చమ్మది.

ఆ నంబరు ఎవరి దగ్గరా లేదు. ఆసుపత్రి కాగితాల్లో ఒకసారి రాశారు. అక్కడినుంచి ముప్పై ఒకటో ఫైల్లోకి వచ్చింది. పంచనామాలో దొరకలేదని రాసిన ఫైల్లోకి.

పరుశురాం పచ్చ బటన్ నొక్కి చెవికి ఆనించుకున్నాడు.

"హలో... లచ్చమ్మ గారి ఇంటివాళ్లేనా అండీ?" పొద్దున పాఠం చెప్పిన గొంతే. "యూనివర్సిటీ నుంచి. శుక్రవారం మా స్టూడెంట్ ఎవరైనా మీకు ఫోన్ చేశారా? హలో?"

వెనక వైర్‌లెస్ సెట్ గరగరలాడింది. ఇంకో గొంతు దగ్గరికి వచ్చింది. "ఎత్తిండ్రా సార్? ఎవలు? ఏం పేరున్నది ఫైల్ల?"

"లచ్చమ్మ. భర్త పేరు..." కాగితం తిప్పిన చప్పుడు.

మాట అక్కడే తెగింది. ఫోను చేయి మారింది. భూపాల్ ఊపిరి వినబడింది. ఆ ఊపిరి పరుశురాంకు తెలుసు. పదేళ్లు పక్క సీట్లో విన్నాడు. ఆ మనిషి లచ్చమ్మ చేతి సర్వపిండి అడిగి మరీ తినేవాడు. పాడె మోసిన నలుగురిలో ఒకడు.

"పరుశన్నా," అన్నాడు భూపాల్ మెల్లగా. "వదిన ఫోను ఇంక బందు పెట్టలేదా నువ్వు?"

పరుశురాం బల్ల మీది స్లైడువైపు చూశాడు.

"పెట్టెల పది స్లైడ్లున్నయి. ఒకటి నా దగ్గరున్నది. సుబ్బలక్ష్మి మేడం ఎప్పుడు కోసినా పన్నెండు కోస్తదట, సార్ చెప్తున్నడు. ఎక్కడున్నవన్నా? మెట్టుగూడ రూముకు రావాల్నా?"

మెట్టుగూడ గది. గూడు. దువ్వెన. భూపాల్‌కు ఆ గది తెలుసు, తాళం బయట చిలక్కొయ్య మీద ఉంటుందనీ తెలుసు. తార్నాక నుంచి మెట్టుగూడకు ఆటోలో పది నిమిషాలు. యూనివర్సిటీ నుంచి జీపులో అంతకన్నా తక్కువ పట్టదు.

పరుశురాం లేచాడు. స్లైడును బట్టలో చుట్టి డబ్బాలో పెట్టాడు. రిపోర్టు కాగితాన్ని మాత్రం బల్ల మీదే వదిలేశాడు.

"అమ్మా, కౌముదికి ఫోన్ చెయ్యుండ్రి. రంగు వద్దు. డీఎన్ఏకే."

"మీకు ఎప్పటికీ తెలియదండీ," అంది సుబ్బలక్ష్మి మళ్లీ.

"ఇది ముప్పై ఒకటని రుజువైతెనే మిగతా బ్లాకులు బయటికొస్తయి. ఎనిమిది మందికి తెల్వాలె." గుమ్మం దగ్గర ఆగాడు. "ఎనక తొవ్వ ఉన్నదా?"

ఆమె పెరటి తలుపు తీసింది. ఫోను అతని చేతిలో ఇంకా వెలుగుతూనే ఉంది. భూపాల్ ఇంకా లైన్లోనే ఉన్నాడు, "అన్నా, అన్నా" అంటున్నాడు. ఆ వెలుగు ఉన్నంతసేపు తాను ఎక్కడున్నదీ వాళ్లు కనిపెట్టగలరు. పరుశురాం పక్క బటన్ మీద వేలు పెట్టి నొక్కి పట్టాడు. తెర మీద లచ్చమ్మ పెట్టుకున్న గులాబీ పువ్వు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. ఆమె పోయాక ఆ ఫోను ఆగిపోవడం అదే మొదలు.

కళ్లద్దాల డబ్బాను చొక్కా లోపల, బనీనుకు తగిలేలా దోపుకుని, సందులో మెట్టుగూడవైపు పరుగెత్తాడు.